ఇద్దరికీ సరిపోయే పెట్టె

ఫిబ్రవరి 8

బొంగురు బావమరిదికి,

కవరు మీద నా దస్తూరీ చూసి ఏం కొంప మునిగిందోనని హడలిపోకు. కొంప తేలుతూనే ఉంది. ప్రెస్సులో పొద్దస్తమానం ఇంకొకళ్ళ రాతలు దిద్దే మనిషికి అప్పుడప్పుడూ సొంతంగా నాలుగు ముక్కలు రాసుకోవాలని బుద్ధి పుడుతుంది. అందుకే ఈ ఉత్తరం.

సంగతేమిటంటే, మా ముందుగదిలో టీవీ, పాటలు పెట్టుకునే మిషను, వాటికి రెండు స్పీకర్లూ ఉన్నాయి కదా, నువ్వే బిగించి వెళ్ళావు. వాటికి జతగా నేల మీద పెట్టే పెద్ద పెట్టె, అదే సబ్‌వూఫర్, ఒకటి కొందామనుకుంటున్నాను. కొట్టుకి వెళ్తే అక్కడివాడు ఒకదాన్ని మోగించి చూపించాడు. నా జేబులో కళ్ళజోడు దడదడలాడింది. ఇంకోదాన్ని మోగించాడు. మోగిందో లేదో కూడా నాకు తెలియలేదు. అదే గొప్పదట. తెలియని గొప్పతనానికి తలూపి బయటపడ్డాను. ఇంట్లో సౌండు మనిషిని పెట్టుకుని కొట్ల వెంట తిరగడం ఏం ఖర్మ నాకు? పాటలకీ సినిమాలకీ కూడా, ఇద్దరికీ సరిపోయే పెట్టె ఒకటి నువ్వే చూసి చెప్పు.

మాది మేడ మీద వాటా అని నీకు తెలుసు. చెక్క నేల. కింద దర్జీ. ఇవి లెక్కలోకి తీసుకో.

మీ అక్క బాగానే ఉంది. సాయంత్రమయ్యేసరికి నా కళ్ళు సమ్మె కడుతున్నాయి కాబట్టి నీ జవాబు ఆవిడే చదివి వినిపిస్తుంది. నన్ను తిట్టాలనుకుంటే గొలుసుకట్టు రాత రాయి, ఆవిడకి చదవడం రాక వదిలేస్తుంది.

ఇట్లు,
మీ ప్రూఫు బావ


ఫిబ్రవరి 21

ప్రూఫు బావకి బొంగురు నమస్కారాలు,

మీ ఉత్తరం కంపెనీ ఆఫీసు నుంచి నా వెంటపడి తిరిగి తిరిగి చివరికి ఇక్కడ దొరకబుచ్చుకుంది. ఇప్పుడొక కొత్త సినిమా హాల్లో ఉన్నాను. కుర్చీలకి ఇంకా ప్లాస్టిక్ తొడుగులు తీయలేదు. తెర వెనక నిచ్చెనెక్కి స్పీకర్లు బిగించడం, దిగి ప్రతి వరసలోనూ కూర్చుని వినడం, నచ్చక మళ్ళీ ఎక్కడం. తీరా జనం వచ్చి కూర్చుంటే శబ్దం మళ్ళీ మారిపోతుంది. ఒంటి మీద బట్టలే సగం శబ్దాన్ని తాగేస్తాయి. అది తెలిసీ ఖాళీ హాలుని సరిచేయడమే నా ఉద్యోగం.

ముందు మీ తప్పు దిద్దనివ్వండి, జన్మకొక ఛాన్సు దొరికింది. 'ఇద్దరికీ సరిపోయే పెట్టె' అని రాశారు. 'రెండింటికీ' అనాలి బావా. పాటలూ సినిమాలూ మనుషులా? మీ కన్నుగప్పిన మొదటి తప్పు ఇదే అయితే ఫ్రేము కట్టించి గోడకి తగిలిస్తాను.

ఇక పెట్టె సంగతి. లావు శబ్దాలన్నీ మోసేది సబ్‌వూఫర్. పాటలో డోలు, సినిమాలో పిడుగు. ఇందులో రెండు జాతులున్నాయి. ఒకటి అన్ని వైపులా మూసేసిన పెట్టె. దెబ్బ పడగానే మోగుతుంది, వెంటనే ఊరుకుంటుంది. రెండోదానికి గాలి పోవడానికి ఒక గొట్టం ఉంటుంది. మోత ఎక్కువ, నేల కూడా అదురుతుంది, సినిమాలో మేడలు కూలుతుంటే మహా సరదాగా ఉంటుంది. కానీ దెబ్బ అయిపోయాక కూడా గొణుగుతూనే ఉంటుంది, మా మేనేజరులాగా. మీ ముందుగది అగ్గిపెట్టంత. అందులో గొట్టం పెట్టె పెడితే పాటంతా బురదవుతుంది. పాటకి పనికొచ్చింది సినిమాకి సర్దుకుపోతుంది గానీ సినిమాకి పుట్టింది పాటకి సర్దుకోదు. కాబట్టి మూసిన పెట్టె తీసుకోండి. కొట్లో మీకు తెలియలేదన్నారే, అదే మంచిది. అసలు మంచి సబ్‌వూఫరు ఉన్నట్టే తెలియకూడదు. ఆపేసినప్పుడు మాత్రం ఏదో పోయిందని తెలియాలి.

అక్క బాగానే ఉందన్నారు. నాకు అలా అనిపించడం లేదు. ఫోను చేసి 'ఎలా ఉన్నావక్కా' అంటే 'ఆఁ, ఇప్పుడే అయింది' అంటుంది. 'కోపమా' అంటే 'సరే ఉంటాను మరి' అని పెట్టేస్తుంది. కారణం నాకు తెలుసు. నిరుడు మీ ప్రెస్సువాళ్ళు భోజనాలకి వచ్చిన రోజున అందరూ బతిమాలితే అక్క పాడింది. నేను 'శ్రుతి తప్పుతోందక్కా' అన్నాను. అందరూ నవ్వారు. తప్పింది కాబట్టే అన్నాను. నాకు చెవంటూ పెట్టింది ఎవరు? అమ్మ పోయాక నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ఏ స్వరం ఎక్కడ జారిందో చెప్పమని చెవి మెలేసిన మనిషి ఆవిడే. అంత మాత్రానికి ఏడాది పాటు మూతి ముడుచుకోవాలా? ఈ ముక్క ఆవిడే చదువుతుందని తెలిసే రాస్తున్నాను.

మీ బొంగురు


మార్చి 4

ఒరేయ్ బొంగురూ,

నీ ఉత్తరం మీ అక్క చదివి వినిపించింది. 'రెండింటికీ' అని నువ్వు దిద్దిన చోట ఆగి, కళ్ళజోడు మీంచి నా వంక చూసి ముందుకు పోయింది. శ్రుతి దగ్గర నవ్వింది. 'వీడికి ఇంకా అదే పట్టుకుందా' అంది. కోపమున్న మనిషి అలా నవ్వదు. ఫోను సరిగ్గా పని చేయడం లేదురా, గొరగొరమంటోంది. పైగా నువ్వు చేసే వేళకి ఆవిడ వంటింట్లో ఉంటుంది.

తప్పు సంగతి అంటావా, నా వాక్యం ఇంకోసారి చదువుకో. కామాతో సహా చదువుకో.

ఉన్నట్టే తెలియని పెట్టె గురించి నువ్వు రాసింది బాగుంది గానీ, మాకు అలాంటిది వద్దు. తెలిసేది కావాలి. కుర్చీలో కూర్చుంటే పాదాలకి తెలియాలి. గొట్టం ఉన్నదైతే నేల అదురుతుందని నువ్వే రాశావు. పాట కాస్త బురదైతే నేను సర్దుకుంటాను, రోజూ ప్రెస్సులో అంతకన్నా బురద వాక్యాలు చదువుతున్నాను. గొట్టం ఉన్నదాన్లోనే మంచిదేదో చెప్పు.

అసలు ఈ పెట్టె ఆలోచన నాకెలా వచ్చిందో చెప్తాను విను. ఆ మధ్య ఒక మధ్యాహ్నం మీ అక్క కుర్చీలో కూర్చుని బట్టలు మడతపెడుతూ, 'దర్జీ మిషను ఆపాడు, భోజనానికి లేచినట్టున్నాడు' అంది. నాకు చీమ చిటుక్కుమన్నట్టు కూడా లేదు. మెట్లు దిగి తొంగి చూస్తే నిజమే, క్యారియరు విప్పుకుంటున్నాడు. ఆ రోజు నుంచి చూస్తున్నాను, ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు. అప్పుడు అనిపించింది, ఇంట్లో ఇలాంటి పెట్టె ఒకటి ఉండాలని.

గది కొలతలు ఈ కాగితం వెనక గీశాను. వీలు చూసుకుని ఒకసారి వచ్చి పోరాదూ? కొలతల కోసం కాదు, ఊరికే.

మీ ప్రూఫు బావ


ఏప్రిల్ 2

బావా,

మీ బొమ్మలో తలుపు గోడకి అవతల పడింది. అయినా అర్థమైంది.

అర్థం కానిది ఇంకోటుంది. కింద వాటాలో కుట్టుమిషను ఆగితే వినబడే చెవికి, చేతిలో పట్టుకున్న ఫోనులో తమ్ముడి గొంతు వినబడదా? మొన్న మళ్ళీ చేశాను. పండగలాంటి వార్త చెప్దామని చేశాను, నన్ను హాళ్ళ పనికంతటికీ పెద్దని చేశారు. 'అక్కా, నన్ను పెద్దని చేశారే' అంటే 'సరేలే, తర్వాత చూద్దాం' అంది. చూద్దామట! ఫోను పెట్టేసి నిచ్చెనెక్కి ఒక స్పీకరు తలకిందులుగా బిగించాను. ఒక ఉత్తరంలో ఫోను పాడైందంటారు, వెంటనే వంటింట్లో ఉందంటారు. అచ్చుతప్పులు పట్టే మనిషికి అబద్ధం అచ్చేయడం రాదు బావా. కోపం ఉంటే ఉందని చెప్పండి. ఇకమీదట నేను ఫోను చెయ్యను. చెయ్యాలనిపిస్తే ఆవిడే చెయ్యనీ.

పెట్టె మాత్రం పంపిస్తున్నాను. ఇది నా కానుక, కాదనకండి. మూసిన పెట్టే పంపుతున్నాను. గొట్టందాని మాట ఎత్తకండి. నేను శబ్దం సరిచేసి బతికేవాణ్ణి, మా అక్క ఇంట్లో బురద మోగిందంటే నలుగురూ నవ్వుతారు. దాని అడుగున నాలుగు మూలలా రబ్బరు దిమ్మలు అంటించాను. హాళ్ళలో వాడే మందపు రబ్బరు, నా చేత్తో కోసి అంటించాను. వీటి వల్ల అదురు నేలకి దిగదు. దర్జీ కూడా హాయిగా కుట్టుకుంటాడు.

దాన్ని ఎక్కడ పెట్టాలో తెలుసుకోవడానికి మా పనిలో ఒక పద్ధతి ఉంది. నవ్వకుండా చేయండి. పెట్టెని అక్క కూర్చునే కుర్చీలో కూర్చోబెట్టండి. లావు శబ్దాలున్న పాట ఒకటి పెట్టండి. తర్వాత మీరు చేతులూ మోకాళ్ళూ ఆనించి గదంతా గోడవారగా పాకండి. ఒక్కోచోట ఉబ్బరంగా ఉంటుంది, ఒక్కోచోట అసలు మోతే ఉండదు. ఎక్కడ నిండుగా, నీటుగా వినబడితే అక్కడ సుద్దతో గీత గీయండి. పెట్టె చోటు అదే. అక్కడ పెడితే కుర్చీలో మనిషికి అచ్చం అలాగే వినబడుతుంది.

బొంగురు


మే 9

మా ఇంటి సౌండు దొరకి,

నిన్ను పెద్దని చేశారన్న మాట మాకు నీ ఉత్తరంలోనే తెలిసింది. మీ అక్క ఆ వాక్యం రెండుసార్లు చదివింది. రెండోసారి నాకోసం కాదు. ఆనక కిందికి దిగి దర్జీకి కూడా చెప్పి వచ్చింది.

పెట్టె క్షేమంగా చేరింది. ఇద్దరు మనుషులు మోసుకొచ్చి, 'ఇందులో ఏముందండీ, ఇనుమా?' అని అడిగారు. మా బావమరిది ప్రేమ అన్నాను. చిరాగ్గా చూసి పోయారు.

నువ్వు చెప్పినట్టే పెట్టెని మీ అక్క కుర్చీలో కూర్చోబెట్టాం. బట్ట కప్పితే అచ్చం పెద్దింటి చుట్టంలా ఉంది. నేను మోకాళ్ళ మీద పాకాను. బీరువా పక్కకి వచ్చేసరికి నిజంగానే పాట నిండుగా వినబడింది. సుద్దగీత గీసి, లేవలేక అక్కడే కూలబడ్డాను. ఇంతలో మీ అక్క కొంగు దోపుకుని 'నేనూ చూస్తాను' అని దిగింది. తను నాలా పాకలేదు. రెండు అరచేతులూ చెక్క మీద పరిచి, ఆగి, ఇంకొంచెం జరిగి, మళ్ళీ ఆగి, అలా పోయింది. రబ్బరు దిమ్మలు తీసేసి పెట్టమంది. తీశాను. ఈసారి కిటికీ కిందికి వచ్చేసరికి ఆగిపోయి, చిన్నపిల్లలా నవ్వి, 'ఇక్కడ! ఇక్కడుంది!' అంది. నేను పోయి విన్నాను. నా చెవికి అక్కడ అంతా ఉబ్బరమే. మా ఇద్దరి చోట్లూ కలవలేదు. పెట్టె కిటికీ కిందే పెట్టాం.

రబ్బరు తీసేసినందుకు ఏమీ అనుకోకు. దర్జీ పైకి వచ్చి, తన బల్ల మీద కత్తెర దానంతటదే నడిచి కింద పడిందని చెప్పాడు. అతనితో ఒప్పందం చేసుకున్నాం, అతను మిషను తొక్కే వేళలోనే మేం పెట్టె మోగిస్తాం.

పాటలు చాలా బాగా వినిపిస్తున్నాయి నాకు. డోలు దెబ్బ అంత శుభ్రంగా ఉంటుందని ఇన్నాళ్ళూ తెలియదు. గొట్టందైతే ఇంకొంచెం అదిరేదేమో అని మాత్రం అనిపిస్తోంది. ఏదైనా మీ అక్క మాత్రం రోజూ చెప్పులు విడిచి కుర్చీలో కూర్చుంటోంది.

ఫోను చెయ్యనని పంతం పట్టకురా. చెయ్యి. కాస్త నెమ్మదిగా, విడివిడిగా మాట్లాడు. ఈ నెలలోనే చెయ్యి.

మీ ప్రూఫు బావ


మే 27

బావగారికి,

ఉత్తరం అందింది. చదివి మూడు రోజులు ఊరుకుంటే కోపం తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు.

నేను కూర్చుని కోసి అంటించిన రబ్బరు పీకేశారు. మంచి చోటు దొరికాక కూడా, గీత గీశాక కూడా, దాన్ని కాదని కిటికీ కింద పెట్టారు. కర్రపెట్టెకీ దానికీ తేడా లేదిప్పుడు. పైగా గొట్టందైతే ఇంకా అదిరేదని వెటకారం. ఎంత వెతికి, ఎన్నిటిని విని పంపానో మీకేం తెలుసు? పాట వినడానికి చెవులుంటాయి బావా, పాదాలు కాదు. నేల అదిరితే గానీ పాట తెలియకపోవడానికి మా అక్కేమన్నా చెవిటిదా?

అక్క చిన్నప్పుడు నా చెవి మెలేసి నేర్పిన పాఠం ఒకటే, మోత వేరు పాట వేరు అని. ఆవిడే ఇప్పుడు మోత కావాలంటోందంటే నా మీద కక్షతో తప్ప ఇంకెందుకు? నేను పంపింది కాబట్టి పాడుచేయాలి. అంతే కదా.

ఫోను చెయ్యను. నెమ్మదిగా, విడివిడిగా మాట్లాడాలట! తమ్ముడితో మాట్లాడ్డానికి షరతులా?

పని ఎక్కువగా ఉంది. కొన్నాళ్ళు ఉత్తరాలు రాయలేను.

మీ బావమరిది


ఆగస్టు 16

నాయనా,

ఈ ఉత్తరం ప్రెస్సులో కూర్చుని రాస్తున్నాను. మీ అక్కకి ఇచ్చిన మాట తప్పుతున్నాను. ఇన్నాళ్ళూ కామాలతో చెప్పడానికి చూశాను. నువ్వు ఎడంగా ఉన్నావు, నీకు అందలేదు. తప్పు నాదే, ఇంతటి విషయాన్ని కామాతో చెప్పాలనుకోవడం ముసలి ప్రూఫు రీడరు పొగరు.

నేను 'ఇద్దరికీ' అని రాసింది తప్పు కాదు. మా ఇద్దరికీ అని. చెవులతో వినే నాకూ, వినలేని మీ అక్కకీ.

నిరుడు నువ్వు 'శ్రుతి తప్పుతోందక్కా' అన్నావు చూడు, ఆ రాత్రి ఆవిడ కోప్పడలేదు. 'వాడు అన్నాడంటే తప్పే ఉంటుంది, నాకెందుకు తెలియలేదు?' అంది. పదే పదే అదే అంటే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. లోపలి నరం ఎండిపోతోందట. సన్నని శబ్దాలు ముందు పోతాయి, లావువి చివరికి మిగులుతాయి, అవీ ఎంతో కాలం ఉండవు అన్నారు. చెవికి మిషను పెట్టించాం. అందులో గోల తప్ప మాట తేలలేదు. వాడికి మాత్రం చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకుంది. వాడు అన్న మాట వల్లే ఇది బయటపడిందని తెలిస్తే వాడు ఇక ఏ హాల్లోనూ నిమ్మళంగా కూర్చుని వినలేడు, వాడి బతుకే అది, అంది. ఫోనులో నువ్వేమంటున్నావో ఊహించుకుని జవాబు చెప్పేది. తప్పు జవాబు చెప్పానేమోనని భయంతో పెట్టేసేది.

దర్జీ మిషను ఆవిడకి వినబడలేదురా. నేల చెప్పింది. అది చూసే నాకు ఆశ పుట్టింది.

నీ మే నెల ఉత్తరం ఎప్పట్లాగే ఆవిడే చదివి వినిపించింది. నేను ఎదురుగా కూర్చున్నాను. 'మా అక్కేమన్నా చెవిటిదా' అన్నది కూడా చదివింది. గొంతు తొణకలేదు. ఎలా తొణుకుతుంది, తన గొంతు తనకి వినబడితే కదా. నీ పేరు దాకా చదివి, మడత పెట్టి, 'వాడికి కష్టం కలిగింది, రబ్బరు మళ్ళీ పెట్టేద్దాం' అంది. వద్దన్నా వినలేదు. అటక మీంచి ఆ దిమ్మలు దింపి, పెట్టె పక్కకి వాల్చి, తనే అమర్చింది. బీరువా పక్కకి, నా సుద్దగీత మీదికి జరిపించింది. ఇప్పుడు పాట చాలా శుభ్రంగా ఉంది. నాకొక్కడికి. రెండు రోజులు విని నేనూ ఆపేశాను.

ఇప్పుడు ఆ చెవుల్లో ఏమీ మిగల్లేదు. నిన్ను తప్పు పట్టడానికి రాయడం లేదు. ఊరుకోలేక రాస్తున్నాను.

బావ


ఆగస్టు 27

అక్కా,

ఈ ఉత్తరం బావకి కాదు, నీకు. పైకి చదవకు, నీలో నువ్వు చదువుకో.

ఎలా మొదలుపెట్టాలో తెలియక నాలుగు కాగితాలు చింపాను. క్షమించమని రాస్తే నువ్వు వెంటనే క్షమిస్తావు, అది నాకు ఇంకా కష్టం. నేను రోజూ ఖాళీ హాలులో కూర్చుని, ఎక్కడ ఏ శబ్దం తగ్గిందో చెప్పి జీతం తీసుకునేవాణ్ణి. నీ గొంతు శ్రుతి తప్పిందని గదిలో అందరికన్నా ముందు పట్టుకున్నాను. ఎందుకు తప్పిందని ఒక్కసారి కూడా అనుకోలేదు. జన్మలో ఎప్పుడూ తప్పని మనిషి తప్పితే అడగాలి కదా. నవ్వించాను. మంచి సబ్‌వూఫరు ఆపేస్తే ఏదో పోయిందని తెలియాలని బావకి పాఠం చెప్పాను. ఇంట్లో నీ పాట ఆగిపోతే, మూతి ముడుచుకున్నావని రాశాను.

ఆ రబ్బరు దిమ్మలు గుర్తొస్తే చేతులు నరుక్కోవాలనిపిస్తోంది. అదురు నేలకి దిగకూడదని, ఎంత శ్రద్ధగా కోశానే! నీకు మిగిలిన ఒక్క దారి కూడా నా చేత్తోనే మూశాను. నువ్వేమో నా మాట నిలబెట్టడానికి వాటిని మళ్ళీ నీ చేత్తో పెట్టావు. తీసెయ్యి అక్కా. ఉత్తరం కింద పెట్టి ముందు వాటిని తీసెయ్యి. పెట్టెని కిటికీ కిందికి జరుపు. నేల అక్కడే బాగా పలుకుతుందని నీ అరచేతులకి తెలిసింది, నాకు తెలియలేదు.

గొట్టం ఉన్న పెట్టె కూడా తెస్తున్నాను. ఈసారి పంపను, నేనే మోసుకొస్తాను. దర్జీ కత్తెరకి జేబు కుట్టుకోమని చెప్పు.

ఒక్కటి అడుగుతాను, నా మనసు నొచ్చుకుంటుందని దాచకు. ఇక చెయ్యనని రాశానే, ఆ రోజుల్లో ఫోను చేసి ఉంటే, బావ చెప్పినట్టు నెమ్మదిగా మాట్లాడి ఉంటే, వినబడేదా?

నీ బొంగురు


సెప్టెంబరు 10

ఒరేయ్ బొంగురు వెధవా,

మీ బావ మాట తప్పినందుకు రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆయన నా ముందు నిలబడి పెదాలు పెద్దవిగా చేసి 'క్ష-మిం-చు' అంటుంటే నవ్వాగక ఓడిపోయాను. ముప్పై ఏళ్ళుగా లేని శుభ్రమైన ఉచ్చారణ ఇప్పుడొచ్చింది ఈయనకి.

దిమ్మలు తీసేశాం. పెట్టె కిటికీ కిందికి పోయింది. చేతులు నరుక్కోవడం లాంటి మాటలు రాయకు, నిచ్చెనలెక్కే పని నీది.

నువ్వు అడిగినదానికి జవాబు రాయకూడదనే అనుకున్నాను. కానీ ఇన్నాళ్ళూ దాచి ఏం బావుకున్నాం? వినబడేదిరా. ఎండాకాలం అయ్యేదాకా కుడిచెవిలో కాస్త ఉండేది, లావు గొంతయితే, ఆగి ఆగి మాట్లాడితే. నీది ఎటూ లావు గొంతే కదా, గొంతు మారిన ఏడు నేనే నీకు బొంగురని పేరు పెట్టాను. వానలు పడే వరకూ ఫోను పక్కనే కూర్చునేదాన్ని. అది మోగినా నాకు వినబడదని, దాని మీద చెయ్యి వేసుకుని కూర్చునేదాన్ని. మోగితే చేతికి తెలుస్తుంది. తర్వాత ఇక లేదు.

నాకు నీ గొంతు ఇప్పటికీ జ్ఞాపకముంది. చివరగా తేటగా విన్నది 'శ్రుతి తప్పుతోందక్కా' అన్న మాటే. దెప్పడానికి చెప్పడం లేదు. గొంతు జ్ఞాపకం ఉండాలంటే ఏదో ఒక మాట దానికి అంటిపెట్టుకుని ఉండాలి కదా, ఇది మిగిలింది. ఇంకో మాటేదైనా మిగిలి ఉంటే బాగుండేదని మాత్రం అనిపిస్తుంది. నీకు కూడా అనిపిస్తుందని తెలుసు. ఏం చేస్తాం.

వచ్చేటప్పుడు మీ హాళ్ళలో వాడే మైకు ఒకటి తీసుకురా. ఆ గొట్టం పెట్టెకి తగిలించి, దాని ముందు కూర్చుని మాట్లాడు. నేను చెప్పులు విడిచి కుర్చీలో కూర్చుంటాను. మొన్న దర్జీ దగ్గరికి ఎవరో లావుగొంతు ఆయన వచ్చి బల్ల మీద చేతులానించి గదమాయిస్తుంటే, పైన నా పాదాలకి సన్నగా తెలిసింది. నీది అంతకన్నా బొంగురే. మాటలు నాకు తెలియవు, నువ్వని తెలుస్తుంది. ఏమన్నావో తెలియదు కాబట్టి, నాకిష్టమైన మాటే అన్నావనుకుంటాను.

దర్జీ మిషను ఆగింది. భోజనాల వేళయింది, మీ బావ వస్తారు. ఉంటాను.

మీ అక్క